జర్మన్ల పండక్కి మా పెద్ద డ్రమ్ము ప్రయాణం

పోయిన కార్తీకంలో అప్పలస్వామి మావ పోయాడని కబురొస్తే ఖరగ్‌పూర్ వెళ్ళాను. మావ అంటే రక్తసంబంధం కాదు. ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో వాళ్ళ రైల్వే క్వార్టరుకీ మా క్వార్టరుకీ మధ్య ఒకటే గోడ. మా అమ్మని ‘అప్పా’ అని పిలిచేవాడు కాబట్టి నాకు మావ అయ్యాడు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి, పెన్షను పుచ్చుకుంటూ, తొంభై దాకా నిక్షేపంగా బతికాడు. పదోరోజు భోజనాలయ్యాక వాళ్ళబ్బాయి రమణ నన్ను వరండాలోకి పిలిచి గొంతు తగ్గించాడు. “వదినా, నీకో మాట సెప్పాల. నాన్నకి ఆఖర్న మతి సెడిపోనాది. ‘నాను సైకిలు మీద జర్మనీవోల బీరు పండక్కి ఎల్లినాను, ఈపుకి డ్రమ్ము కట్టుకోని ఎల్లినాను’ అని ఆస్పత్రిలో నర్సమ్మలందరికీ సెప్పీసినాడు. డాక్టరు మందులు మార్సీసినాడు, అయినా ఆ మాట మానలేదు.” అంతసేపూ ఏడ్చి ఉబ్బిన మొహంతోనే నాకు నవ్వొచ్చేసింది. పక్కవాళ్ళు చూస్తున్నారని కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. “మతి సెడలేదు రమణా. ఆ పక్క సైకిలు తొక్కినది నేనే” అన్నాను. వాడు నా మొహం కేసి కూడా డాక్టరు చూసినట్టే చూశాడు. వాడికి ఆ సాయంత్రం చెప్పినదే ఇక్కడ కాస్త తీరిగ్గా రాస్తున్నాను.

మా నాన్న రైల్వే ఆఫీసులో గుమాస్తా. అది పగటిపూట సంగతి. సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, క్లారినెట్టు పెట్టె తెరిచాడంటే బ్యాండు మాస్టరు. క్లారినెట్టు మూతికి బిగించే రెల్లుబద్ద తడిగా ఉంటే తప్ప పలకదు. అందుకని దాన్ని ముందే నోట్లో వేసుకుని నానబెట్టేవాడు. ఆ అరగంటా ఇంట్లో ఏమడిగినా పెదవుల మధ్య నుంచి “ఊఁ” అనో “ఉహూఁ” అనో జవాబు. అమ్మ తనకి కావలసిన అనుమతులన్నీ సరిగ్గా ఆ అరగంటలోనే అడిగేది. బ్యాండులో ఆరుగురు. నాన్నా, ట్రంపెట్ ఊదే సింహాచలం బాబాయీ, పెద్ద డ్రమ్ముకి అప్పలస్వామి మావా, వర్క్‌షాపు నుంచే ఇంకో ముగ్గురూ. శనివారం శనివారం అమ్మ బిందెలూ చెంబులూ తోముతుంటే ఆ ఇత్తడి బాకాలు కూడా మా పెరట్లోకి వచ్చేవి. చింతపండూ బూడిదా పెట్టి, బిందెకీ ట్రంపెట్‌కీ తేడా లేకుండా రుద్దిపారేసేది. అందుకే మా బ్యాండు ఊదుతుంటే ముందు వరసలో నిలబడ్డవాళ్ళకి పులుపు వాసన వచ్చేది. బొగ్గుల కుంపటి పొగా, ఆ చింతపండు వాసనా కలిస్తే ఇప్పటికీ నా చెవుల్లో క్లారినెట్టు మోగుతుంది.

నేను చెబుతున్న రోజులకి బ్యాండు ఊపిరి తగ్గిపోయింది. ఊళ్ళోకి మైకుసెట్లు వచ్చాయి. పెళ్ళికి ఒక మనిషి రిక్షాలో గ్రామఫోనూ రెండు లౌడుస్పీకర్లూ వేసుకొస్తే చాలు, ఆరుగురికి భోజనాలు పెట్టనక్కర్లేదు. ఆ ఏడు వైశాఖమంతటికీ మమ్మల్ని పిలిచినవాళ్ళు ఇద్దరే. సింహాచలం బాబాయి ట్రంపెట్ అమ్మేస్తానన్నాడు. దసరా దాకా చూసి, అప్పటికీ ఇంతే అయితే వాయిద్యాలు గుళ్ళో ఇచ్చేద్దామని నాన్న అన్నాడు. ఆ మాట అన్న రాత్రి అన్నం సరిగ్గా తినలేదు.

అలాంటప్పుడు హెల్ముట్ మా జీవితంలోకి రైలు తప్పి వచ్చాడు. రూర్కెలాలో ఉక్కు కార్ఖానా కట్టడానికి జర్మన్ ఇంజనీర్లు చాలామంది వచ్చి ఉండేవారు, వాళ్ళలో ఒకడు. కలకత్తా నుంచి వెళుతూ మా స్టేషన్‌లో మట్టికప్పులో టీ పుచ్చుకుంటున్నాడు. ఆ రోజే ఎవరో గార్డుగారి రిటైర్మెంటు, ప్లాట్‌ఫారం మీద మా బ్యాండు ఆయన్ని సాగనంపుతోంది. హెల్ముట్ కప్పు పట్టుకుని బ్యాండు వెనకే నడిచాడు. మా ప్లాట్‌ఫారం సంగతి తెలిసిందేగా, నడిచినకొద్దీ ఉంటుంది. అతను ఆ చివరికి వెళ్ళేసరికి ఈ చివర రైలు కదిలిపోయింది. సామాను రైల్లో, మనిషి ప్లాట్‌ఫారం మీద. నాన్నకి తనవల్లే తప్పిపోయిందని సిగ్గేసి, తర్వాతి బండి దాకా ఇంటికి తీసుకొచ్చాడు. నాలుగు గంటలు మా ఇంట్లో పీట మీద కూర్చుని, పప్పూ వంకాయకూరా తిని, “నమస్కారం అమ్మా” అనడం నేర్చుకుని వెళ్ళాడు. వెళ్ళేముందు నాతో ఇంగ్లీషులో చెప్పాడు, తమ దేశంలో ఆశ్వయుజ మాసం ప్రాంతాల పెద్ద బీరు పండగ జరుగుతుందనీ, ఇక్కడ తమ క్లబ్బులో కూడా చేసుకుంటున్నారనీ, కానీ బ్యాండు లేక గ్రామఫోను పెట్టుకుంటున్నారనీ. నేను తెలుగు చేసి చెప్పగానే నాన్న నోట్లోంచి రెల్లుబద్ద తీసేశాడు. “పాపం, వీళ్ళకీ మైకుసెట్టేనా!” అన్నాడు.

నెల తిరక్కుండా ఉత్తరం వచ్చింది. పండక్కి రమ్మని పిలుపు, దానితో తమ ఊరి పాట ఒకటి, అచ్చు కాగితాల మీద. అయిదు గీతలూ, వాటి మీద ఆవగింజలు చల్లినట్టు చుక్కలూ. బ్యాండులో ఎవరికీ అది చదవడం రాదు. బళ్ళో ఒక ఆంగ్లో ఇండియన్ టీచరమ్మ దగ్గర పియానో నేర్చుకున్నందువల్ల నాకు వచ్చు. అప్పటికి నాకు పంతొమ్మిదేళ్ళు. ఆవగింజలన్నిటినీ సరిగమలుగా మార్చి పెన్సిలుతో రాశాను. రెండు నెలలపాటు మా ముందు గదిలో ఆ పాటే. నేను పాడడం, నాన్న ఊదడం, బాబాయి తప్పడం, మళ్ళీ మొదటికి రావడం. ఎదురింటి బెంగాలీ మాసీమా కిటికీలోంచి, “దీదీ, ఈ పాట ఎవరికైనా నయమయ్యేదాకా వాయించాలా?” అని అడిగింది.

పాట కుదిరింది గానీ అమ్మ కుదరలేదు. “ఏటండీ, సారా పండక్కి ఎల్తారా? అప్పన్న గుడిలో భజన సెప్పే నోటితో?” అంది. సారా కాదు బీరు అన్నాడు నాన్న. “పేరు మార్సితే వాసన మారీసిద్దా?” అంది. చివరికి ఆరుగుర్నీ వరసగా నిలబెట్టి, కర్పూరం వెలిగించి, బీరు గ్లాసు చేత్తో ముట్టుకోబోమని సింహాద్రి అప్పన్న మీద ఒట్టు వేయించింది. అంతటితో ఊరుకుంటుందనుకున్నాం. నా వైపు చూపించి, “నోటు కాయితాలు సూడ్డానికి సుగుణ ఎల్లాల. ఆడపిల్ల ఎల్తే నానెల్లాల. నానుంటేనే మీ ఒట్టూ ఉంటాది” అని తనూ బయల్దేరింది. నాలుగు గిన్నెల టిఫిన్ క్యారియరు నిండా పులిహోర కలిపింది.

తెల్లారే ప్యాసింజరు ఎక్కాం. పెద్ద డ్రమ్ము ఎడ్లబండి చక్రమంత ఉండేది. రైలుపెట్టె తలుపులోంచి పట్టలేదు. అప్పలస్వామి మావ దాన్ని ఇటు వంచీ అటు వంచీ చివరికి గార్డుగారి బ్రేక్‌వ్యానులో వేయించి, దానితోపాటు తనూ అక్కడే కూర్చున్నాడు. ప్రతి స్టేషన్‌లోనూ దిగి మా కిటికీ దగ్గరికి వచ్చి, “డ్రమ్ము బాగుంది” అని కబురు చెప్పి పరిగెత్తేవాడు. టాటానగర్ దాటాం, చక్రధర్‌పూర్‌లో పులిహోర సగం అయింది, కొండలూ సొరంగమూ దాటాం. పండగ అయిదింటికి. మేం మూడింటికల్లా చేరతామని లెక్క. ఇంకో రెండు స్టేషన్లున్నాయనగా బండి ఒక చిన్న స్టేషన్‌లో ఆగి, ఇంజను నిట్టూర్చి ఊరుకుంది. ముందు దారిలో వానకి చెట్టు పడిందట, లైను ఎప్పుడు దొరుకుతుందో తెలీదట.

స్టేషన్ మాస్టరుగారు వేలెత్తి చూపించారు. పొలాల అవతల రోడ్డు, రోడ్డు మీద రూర్కెలా వెళ్ళే బస్సు వస్తుంది, ఊరు అక్కడికి ఆరు మైళ్ళు. అందరం వాయిద్యాలు నెత్తిన పెట్టుకుని గట్ల మీద పరిగెత్తాం. బస్సు రానే వచ్చింది, సంత రోజేమో, కిటికీల్లోంచి కూడా మనుషులు వేలాడుతున్నారు. టాపు మీద కోళ్ళ గంపలు. కండక్టరు మనుషుల్ని ఎలాగో కుక్కుతానన్నాడు, డ్రమ్మును చూసి మాత్రం రెండు చేతులూ జోడించాడు.

“డ్రమ్ము లేకపోతే నానెల్లను” అన్నాడు నాన్న.

“నానూ” అన్నాడు అప్పలస్వామి మావ.

అప్పుడు అమ్మ ముందుకొచ్చింది. వెళ్ళొద్దు మొర్రో అన్న మనిషి, మమ్మల్ని కాపలా కాయడానికి వచ్చిన మనిషి. “ఏటి సూస్తారు? మాస్టరు లేని బ్యాండేటి? మీరైదుగురూ ఎక్కండి. ఎల్లి మొదలెట్టండి. పాపం ఆ పిల్లోడు పిలిసినాడు, మాట పోగూడదు. డ్రమ్ము సంగతి నాను సూస్తాను” అని నాన్న వీపు మీద చెయ్యి వేసి బస్సులోకి తోసింది. పదహారేళ్ళకి కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ నలుగురిలో నాన్నని ముట్టుకోవడం అదే మొదటిసారి అనుకుంటాను. నాన్న ఆశ్చర్యంలో ఎక్కేశాడు.

మళ్ళీ స్టేషన్‌కి వచ్చాం. ఆ స్టేషన్ పాయింట్స్‌మన్ మా గోడు విని, “ఖర్గపూరోలా? మాది పలాస” అన్నాడు. రైల్వేలో ఏ మూల దిగినా ఒక పలాసవాడు ఉంటాడు. తన సైకిలూ, ఇంకొకరి సైకిలూ తెచ్చి ఇచ్చాడు. మావ డ్రమ్మును తాళ్ళతో వీపుకి కట్టుకుని ఒకటి ఎక్కాడు. రెండో సైకిలు నా ముందూ అమ్మ ముందూ నిలబడింది. అప్పుడొచ్చింది చిక్కు. నాకు సైకిలు వచ్చు. వచ్చని అమ్మకి తెలీదు. తెలిస్తే కాళ్ళు విరగ్గొడుతుంది. మావ నా వైపు చూసి, చూడనట్టు ఆకాశం కేసి చూశాడు. నేను చీర కుచ్చెళ్ళు దోపి, ఎక్కి, ఒక కాలు నేల మీద ఆన్చి, “ఎక్కమ్మా” అన్నాను. అమ్మ నన్నూ సైకిల్నీ మార్చి మార్చి చూసింది. టిఫిన్ క్యారియరు ఒళ్ళో పెట్టుకుని వెనక క్యారియరు మీద పక్కవాటుగా కూర్చుంది.

మొదటి మైలంతా “అప్పన్నా, అప్పన్నా” తప్ప వెనకనుంచి ఇంకో మాట లేదు. ఎర్రమట్టి రోడ్డు, రెండువైపులా సాలవృక్షాలు. ముందు మావ. ఎదురుగాలి వేసినప్పుడు డ్రమ్ము తెరచాపలా అతన్ని వెనక్కి లాగేది. పల్లం వచ్చినప్పుడు అదే డ్రమ్ము అతన్ని తోసుకుపోయేది. గతుకు తగిలినప్పుడల్లా దానంతటదే ‘ధమ్’ మనేది. మేస్తున్న ఆవులు తోకలెత్తి పొలాలకి అడ్డంపడి పరిగెత్తాయి.

“ఎప్పుడు నేర్సినావే?” అంది అమ్మ, రెండో మైల్లో.

“నువ్వు భజనకి ఎల్లినప్పుడు. నాన్న సైకిలు మీద.”

“ఎక్కడ?”

“నిమ్‌పురా రోడ్డు మీద.”

“నేర్పినోడు ఎవుడు?”

ముందు పోతున్న మావ అడక్కుండానే వేగం పెంచాడు. “ఒరే అప్పలసామీ!” అని కేక పెట్టింది అమ్మ. మావ వెనక్కి తిరగడానికి వీల్లేదు, తిరిగినా డ్రమ్ము తప్ప కనపడదు. “ఆయ్, అప్పా! గాలికి ఇనపడ్డం లేదు!” అని అరిచాడు. నాకు తిట్లు ఇప్పుడు మొదలవుతాయని బిగుసుకుని తొక్కుతున్నాను. కాసేపటికి అమ్మ నా నడుం గట్టిగా పట్టుకుని, “ముందు కుడిపక్కన గొయ్యుంది. సూసుకో” అంది. అంతే. మా అమ్మ ఒప్పుకోవడం ఎప్పుడూ అలాగే ఉండేది.

నాలుగో మైలు దగ్గర ఎదురుగా తాబేలు లాంటి చిన్న కారొకటి దుమ్ము లేపుకుంటూ వచ్చి ఆగింది. హెల్ముట్! బస్సు చేరిందట. నాన్న చేతులతో గాలిలో పెద్ద గుండ్రం గీసి, ఆరోవాడు రాలేదని ఆరు వేళ్ళు చూపించి, కొడుతున్నట్టు అభినయిస్తే అర్థం చేసుకుని బయల్దేరాడట. దిగగానే “నమస్కారం అమ్మా” అన్నాడు. తర్వాత డ్రమ్మును కారులో పెట్టాలని తలుపులోంచి ప్రయత్నించాడు, ముందునుంచీ వెనకనుంచీ ప్రయత్నించాడు. ఇంజనీరు కదా, మోకాళ్ళ మీద కూర్చుని కొలిచాడు కూడా. చివరికి కారు నెత్తిన పెట్టి కట్టాం. అమ్మని ముందు సీట్లో కూర్చోబెట్టాడు. మా అమ్మ కారెక్కడం అదే మొదలు. డ్రమ్మును తన కళ్ళముందు నుంచి పోనివ్వనన్నాడు మావ. అందుకని కారు సైకిలు నడకతో కదిలింది, ఇటు మావ, అటు నేను. ఊళ్ళోకి వచ్చేసరికి జనం ఆగి చూడడం మొదలుపెట్టారు. ఉత్సవ విగ్రహాన్ని ఊరేగిస్తున్నట్టే ఉంది. ఎవరో ముసలమ్మ డ్రమ్ముకి దణ్ణం పెట్టింది కూడా.

క్లబ్బు మైదానంలో పెద్ద షామియానా, పొడుగాటి బల్లలు, చెంబుల్లాంటి గాజు గ్లాసులు, ముడి వేసి కాల్చిన ఉప్పు రొట్టెలు. అయిదుగురూ ఓ పక్కన బిక్కమొహాలు వేసుకుని వాయిస్తున్నారు. డ్రమ్ము దిగగానే నాన్న మొహంలోకి రక్తం వచ్చింది. “ఇప్పుడు ఆళ్ళ పాట” అన్నాడు. నేను కాగితాలు పట్టుకుని ఎదురుగా నిలబడ్డాను. మొదటి చరణానికే ముసలి జర్మన్లు లేచి నిలబడ్డారు, ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. రెండో చరణంలో పాట మెలి తిరిగే చోటు ఒకటి ఉంది. ఆ మెలిక దగ్గర నాన్న ఆగిపోయాడు. గాలికి కాగితం ఎగిరి నా చేతిలో మడత పడింది. బాబాయి ఒకవైపు వెళ్ళాడు, మిగతావాళ్ళు ఇంకోవైపు వెళ్ళారు, పాట చచ్చిపోయింది. నాన్న చెవులు కందగడ్డల్లా అయ్యాయి. క్లారినెట్టు దించి నేలకేసి చూస్తున్నాడు. బ్యాండు అక్కడితో అయిపోయిందనే అనుకున్నాను.

సరిగమలు ఒక్కటీ రాని అప్పలస్వామి మావ అప్పుడు కొట్టాడు. పెళ్ళికొడుకుని ఎదుర్కొనేటప్పుడు కొట్టే దెబ్బ. ధం ధం, ధమాధం. ఒకసారి, రెండోసారి. మూడోసారికి నాన్న క్లారినెట్టు లేచింది. ఇక మా ఓల్డ్ సెటిల్‌మెంట్ సందుల్లో ఎన్ని పెళ్ళిళ్ళు చూశామో అన్నీ ఆ షామియానాలోకి వచ్చేశాయి. జర్మన్లు గ్లాసులతో బల్లలు బాదారు. టోపీకి ఈక పెట్టుకున్న తాతగారొకాయన బల్ల ఎక్కి గంతులు వేశాడు. దీపాలు పెట్టేవేళ దాకా మమ్మల్ని ఆపనివ్వలేదు. అమ్మ మిగిలిన పులిహోర పంచింది. వాళ్ళు తలా ఒక ముద్ద తిని ముక్కులు తుడుచుకుంటూ ఇంకా కావాలన్నారు. హెల్ముట్ తన గ్లాసు అమ్మకి చూపిస్తే దూరంనుంచే వాసన చూసి, “ఇదేటి, తరవాణి!” అంది. మా వైపు గంజిని పులియబెట్టి పొద్దున్నే తాగే తరవాణి. “బియ్యం కాదేమో గానీ తరవాణే. దీనికా ఇంత గోల?” అని, ఇంక భయపడడం మానేసింది. ఈలోగా ఒక లావుపాటి జర్మన్ ఆవిడ మావ నోటికి గ్లాసు ఎత్తిపట్టింది. మావ రెండు చేతులూ వెనక్కి కట్టుకుని గుటకలు వేశాడు. అమ్మ గుడ్లురిమింది. “సేత్తో ముట్టలేదప్పా!” అన్నాడు, మూతినిండా నురగతో.

ఆ తర్వాత రెండేళ్ళు జర్మన్లు మమ్మల్ని పిలిచారు. ఆ పేరు చెప్పుకుని ఊళ్ళో పెళ్ళిళ్ళు కూడా కొన్ని వచ్చాయి. తర్వాత వాళ్ళు వాళ్ళ దేశం వెళ్ళిపోయారు, మైకుసెట్లు గెలిచాయి, వాయిద్యాలు ఒక్కొక్కటే ఎటో పోయాయి. ఇప్పుడు విశాఖలో మా వీధి చివర హోటలువాళ్ళు ప్రతి ఏడూ ఆ జర్మన్ పండగ పేరుతో బ్యానరు కడతారు. ఫోనులో వేలు పెడితే కారు గుమ్మంలోకొస్తుంది, పది నిమిషాల్లో వెళ్ళి కూర్చోవచ్చు. కిందటేడు మా మరదలి పిల్లలు బలవంతం చేస్తే వెళ్ళాను కూడా. చల్లటి గది, స్పీకర్లలోంచి పాటలు, ఎవరి ఫోను వాళ్ళు చూసుకుంటున్నారు. తప్పేమీ లేదు, రొట్టెలు బాగున్నాయి. కానీ అక్కడికి చేరడానికి ఎవరూ ఎవరి వీపూ తోయలేదు. అప్పటికంటే ఇప్పుడు మంచిదా కాదా అని రమణ అడిగాడు. ఏమో, నాలుగు మైళ్ళు అమ్మని మోసుకుంటూ తొక్కిన మోకాళ్ళే ఇవి, ఇప్పుడు మెట్లెక్కనంటున్నాయి. నా తీర్పు పనికిరాదు.

ఆ మర్నాటి తిరుగు ప్రయాణం మాత్రం చెప్పాలి. సైకిళ్ళు బ్రేక్‌వ్యానులో వేయించి, దారిలో ఆ పలాస పాయింట్స్‌మన్‌కి అప్పగించాం. బ్యాండంతా ఒకరి భుజం మీద ఒకరు తలలు వాల్చి నిద్రపోతున్నారు. నాన్న మాత్రం మేలుకుని కిటికీ బయటికి చూస్తున్నాడు. అందరూ మెచ్చుకున్నారు గానీ ఆయనకి ఆ ఆగిపోయిన చోటు మనసులో గుచ్చుకుంటూనే ఉంది. ఎదురుగా అమ్మ ఖాళీ టిఫిన్ క్యారియరు గిన్నెలు ఒకదానిలో ఒకటి పేరుస్తోంది. పేరుస్తూ, మెల్లగా, ఎవరికీ కాకుండా ఏదో కూనిరాగం తీస్తోంది. మా అమ్మ భజనలో కూడా పెదవులు కదిపేదే గానీ గొంతు విప్పి ఎరగదు. నేను చెవి ఒగ్గాను. జర్మన్ల పాట. మొదటి చరణం అయిపోయింది, రెండోది వచ్చింది, ఆ మెలిక కూడా వచ్చింది. అమ్మ గిన్నె మూత పెడుతూ ఆగకుండా దాన్ని దాటేసింది.

నాన్న తల తిప్పాడు. “మళ్ళీ పాడు” అన్నాడు.

అమ్మ సిగ్గుపడిపోయింది. “నానేటి పాడతాను? రెండు నెల్లు పోపు ఏగినంతసేపూ అదే కదా సెవిలో. మీరు అక్కడ ‘గా’ దగ్గర ఆగిపోనారు. ‘మా’కెల్లి తిరగాల. సుగుణ రోజూ అలాగే సెప్పేది.”

నాన్న పెట్టె తెరిచాడు. రెల్లుబద్ద నానబెట్టడానికి కూడా ఆగలేదు, ఒకసారి నాలికతో తడిపి బిగించాడు. అమ్మ కిటికీ వైపు మొహం పెట్టుకుని పాడింది, నాన్న ఊదాడు. మెలిక దగ్గర సింహాచలం బాబాయి కళ్ళు మూసుకునే ట్రంపెట్ అందుకున్నాడు. మిగతావాళ్ళూ లేచారు. డ్రమ్ము బ్రేక్‌వ్యానులో ఉంది, మావా దాని దగ్గరే ఉన్నాడు కాబట్టి నేను టిఫిన్ గిన్నె వాయించాను. ఆ పాటని మా బ్యాండు మొదటినుంచి చివరిదాకా తప్పు లేకుండా వాయించింది ఆ ఒక్కసారే. విన్నవాళ్ళు, ఘాట్‌శిలాలో ఎక్కిన వేరుశెనక్కాయల ముసలాయనా, ఆయన పక్కన తాడుతో కట్టిన మేకా. పాట అయ్యాక ముసలాయన గంప దించి, మా అమ్మ ఒళ్ళో రెండు దోసిళ్ళ కాయలు పోశాడు.